రెండు ఎర్ర తీగలు

ఆ ఉదయం ఎవరున్నారు, ఏమున్నాయి

షోలాపూర్ నీలం నగర్‌లోని అంబాదాస్ సేట్ కార్ఖానాలో, మగ్గాల షెడ్డు వెనక నూలుకు రంగు వేసే రంగుఖాతాలో ఆ ఉదయం ముగ్గురం ఉన్నాం: కార్ఖానా యజమాని అంబాదాస్ సేట్, మగ్గాలకు మరమ్మతులు చేసే జాబర్ విఠల్, నేను. వస్తువుల్లో మొదటిది నూలు చిలపలకు రంగు వేసే మిషను. రెండోది, లోపలి నీళ్ల వేడిని అంకెల్లో చూపించే ప్యానెల్. మూడోది, కొన్న వ్యాపారి వాపసు పంపిన చాదర్ల బేలు. బేలు విప్పి ఒక చాదరు నేల మీద పరిచారు. ఎర్ర అంచు నుంచి రంగు దిగి, మధ్యలో ఉన్న తెల్ల పువ్వులన్నీ గులాబీ రంగుకు తిరిగాయి.

నా సంచీలో చేతిలో పట్టుకునే కాలిబ్రేటర్, దానికి తగిలించే నా సొంత సెన్సర్, ఐసు ముక్కలు వేసిన థర్మాస్ ఫ్లాస్కు, రెండు స్క్రూడ్రైవర్లు, 'సరిచూశాం' అని అచ్చువేసిన స్టిక్కర్లు ఉన్నాయి.

అక్కడ ఉండాల్సి ఉండీ లేని మనిషి ఒకరు, రంగుల మేస్త్రి ఎల్లయ్య. "మిషన్ చెకింగ్ అయ్యేదాక ఇంటికాడ కూసో" అని సేట్ ఆయన్ను అంతకుముందే పంపేశాడు.

"చూడు బాబూ," అన్నాడు సేట్, నేను సంచీ దించకముందే. "మాల్ పరత్ వచ్చింది. మిషన్ ఖరాబ్ ఉంటే చూక్ మిషన్‌ది. మిషన్ బరాబర్ ఉంటే చూక్ ఎల్లయ్యది. మూడోది లేదు. నువ్ ఏది చెప్తే గది ఫైనల్."

మా వృత్తిలో మనల్ని పిలిచేవాళ్లు వేడి ఎంతో తెలుసుకోవడానికి పిలుస్తారని అనుకుంటాం. చాలాసార్లు తప్పు ఎవరిదో తెలుసుకోవడానికి పిలుస్తారు. ఆ రోజు నా చేతిలో పెట్టింది ముప్పై ఏళ్లకు పైగా అక్కడే పనిచేసిన మనిషి పని, పేరు.

నేనెవరు, ఈ పని ఏమిటి

ఇలాంటి అనుభవాలు రాసేవాళ్లకు మామూలుగా జుట్టు నెరిసి ఉంటుంది. నాకు ముప్పై మూడేళ్లు. పాలిటెక్నిక్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివి, షోలాపూర్‌లో తొమ్మిదేళ్లు కాలిబ్రేషన్ పని చేశాను. కంపెనీ ఇక్కడి శాఖను మూసి అందరినీ పుణే రమ్మంది. నేను వెళ్లలేదు. అక్కడితో నా వృత్తి ముగిసింది. ఇప్పుడు ఐటీఐలో పాఠం చెబుతున్నాను. మా పిల్లల్లో సగం మంది మగ్గాల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. పుస్తకంలో ఉన్నది పుస్తకంలో చదువుకుంటారు. లేనిది ఇక్కడ రాస్తున్నాను.

ముందు పని గురించి. ప్లాటినం తీగ వేడెక్కితే దాని నిరోధం పెరుగుతుంది. సున్నా డిగ్రీల దగ్గర వంద ఓంలు ఉండేట్టు చేసిన తీగ, వంద డిగ్రీల దగ్గర 138.5 ఓంలు చూపిస్తుంది. ఆ తీగను స్టీలు గొట్టంలో పెట్టి నీళ్లలో ముంచుతారు. అదే సెన్సర్. అక్కడి నుంచి కేబుల్ ప్యానెల్ దాకా వెళుతుంది. ప్యానెల్ ఓంలను లెక్కగట్టి డిగ్రీలుగా రాస్తుంది. ప్యానెల్‌కు వేడి తెలియదు, ఓంలే తెలుసు. ఈ వాక్యం మరిచిపోయినవాళ్లు ఈ పనికి రాకూడదు.

ఇక్కడొక చిక్కుంది. కేబుల్‌కూ నిరోధం ఉంటుంది. దాన్ని కలుపుకుంటే ప్యానెల్ అసలు కన్నా ఎక్కువ వేడి చూపిస్తుంది. అందుకే సెన్సర్ నుంచి మూడు తీగలు వస్తాయి, ఒకటి తెల్లది, రెండు ఎర్రవి. రెండో ఎర్ర తీగ ఉన్నది, దారిలో ఎంత నిరోధం కలిసిందో ప్యానెల్‌కు చెప్పడానికి. ప్యానెల్ ఆ భాగాన్ని తీసేసి మిగిలినదాన్ని చూపిస్తుంది.

కాలిబ్రేటర్ రెండు వేషాలు వేస్తుంది. సెన్సర్‌లా నటించి ప్యానెల్‌కు మనం చెప్పినన్ని ఓంలు ఇస్తుంది. లేదా ప్యానెల్‌లా నటించి సెన్సర్ ఏమంటోందో వింటుంది. మొదటి వేషం తేలిక. ప్యానెల్ ముందు స్టూలు వేసుకుని కూర్చుంటే అరగంటలో అయిపోతుంది. రెండోదానికి ఆవిరి మధ్యకు వెళ్లాలి, మూత తీయించాలి, మిషను ఆపించాలి, తిట్లు తినాలి.

మా అధికారి కులకర్ణి సర్. నాకు తెలిసిన మంచి గురువుల్లో ఆయన ఒకరు. మంచినీళ్ల ఐసును నలగ్గొట్టి, తడి తగిలేంతే నీళ్లు పోసి, అందులో సెన్సర్ పెట్టి సున్నా వచ్చేదాకా కదలకుండా కూర్చోవడం ఆయనే నేర్పారు. "నీ సున్నా నీకు తెలియకపోతే గేటు దాటకు" అనేవారు. గేటు దాటాక మాత్రం ఆయన మాట మారేది. "ప్యానెల్ దగ్గర ఓంలు ఇవ్వు, అంకె చూడు, స్టిక్కర్ అంటించు, తర్వాతి కార్ఖానాకు పద." ఆయన మీద పైనుంచి ఎంత ఒత్తిడి ఉండేదో నాకు తెలుసు. మోసం అనను. సగం పనికి నిండు స్టిక్కర్ అంటించడం మా వృత్తికి పట్టిన రోగం. అంబాదాస్ సేట్ ప్యానెల్ మీద అప్పటికే అలాంటి స్టిక్కర్లు రెండున్నాయి. నాకన్నా ముందు వచ్చినవాళ్లు అంటించినవి.

ప్యానెల్ చెప్పిన మాట

ప్యానెల్ తెరుస్తుంటే విఠల్ వెనక నిలబడి మాట్లాడుతూనే ఉన్నాడు. యాభై దగ్గర పడుతున్న మనిషి, ఒక్క క్షణం నోరు మూయడు. ఎల్లయ్య భార్య బాలమణికి తమ్ముడు. అంటే ఎల్లయ్యకు సొంత బామ్మర్ది.

"మా బావకు కండ్లు పోయినయ్ సార్. మొన్న ఎర్ర చీర కట్టుకున్న మా అక్కను చూసి, పచ్చ చీర మంచిగుందే అన్నడు."

"మరి మీ అక్క ఏమంది?"

"ఏమంటది? పెండ్లయిన ఇన్నేండ్లకు చీర మంచిగుంది అన్నడు, గదే చాలనుకుంది."

సేట్ నవ్వలేదు. ఎల్లయ్యను తానే కంటి డాక్టర్ దగ్గరికి తీసుకుపోయానని చెప్పాడు. రెండు కళ్లలోనూ మోతిబిందు, అంటే శుక్లం, మొదలైందని డాక్టర్ అన్నాడట. అంతకుముందు ఏడాదిగా రంగు దిగుతున్నదని ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి. రంగు పట్టడానికి వేసే ఉప్పు తక్కువేశావా అని ఎల్లయ్యను అడిగారు, సోడా తక్కువేశావా అని అడిగారు. డాక్టర్ మాటతో అన్నిటికీ జవాబు దొరికినట్టయింది.

నేను సెన్సర్ తీగలు ఊడదీసి, కాలిబ్రేటర్ తగిలించి 130.9 ఓంలు ఇచ్చాను. ఎనభై డిగ్రీలకు రావాల్సిన నిరోధం అది. ప్యానెల్ 80.0 చూపించింది. నలభైకి, అరవైకి, తొంభై అయిదుకు ఇచ్చాను. అన్నీ సరిగ్గా వచ్చాయి.

"బస్," అన్నాడు సేట్. "అయిపోయింది. మిషన్ బరాబర్ ఉంది."

ఆ మాట గెలిచినవాడిలా అనలేదు. రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "మా నాయ్న ఉన్నప్పటి మనిషి బాబూ, ఎల్లయ్య. ఇగ నేనేం చెప్పాలె ఆయనకు?"

"సగమే అయింది సేట్," అన్నాను. "ప్యానెల్‌ను అడిగాం. ఇంకా నీళ్లను అడగలేదు."

"నీళ్లను ఏం అడుగుతవ్? మొన్నొచ్చినోళ్లు గింతే చేసి పోయిండ్రు."

"రంగు వేయకుండా ఉత్త నీళ్లే వేడి చేయించండి. ఒక్కసారి."

విఠల్ ఆవిరి వాల్వు తిప్పడానికి పోతూ, "మీటర్ పోరనికి పొద్దు పోతలేదు" అన్నాడు.

నీళ్లు చెప్పిన మాట

ప్యానెల్ ఎనభై చూపించగానే ఆవిరి దానంతటదే ఆగింది. నేను మూత తీయించి, మిషను సెన్సర్ పక్కనే నా సెన్సర్‌ను నీళ్లలోకి దించాను. అంకె పైకి ఎక్కుతూ పోయి 73.8 దగ్గర నిలబడింది. ఇంకాసేపు ఆగాను. అక్కడే ఉంది. ప్యానెల్ మీద 80.0.

"నీ డబ్బానే ఖరాబ్ ఉంది," అన్నాడు విఠల్.

అలా అనే హక్కు అతనికి ఉంది. ఎవరు అన్నా కోపం తెచ్చుకోకండి. సెన్సర్ తుడిచి, వాళ్ల ముందే ఐసు ఫ్లాస్కులో పెట్టాను. సున్నా చూపించింది. మళ్లీ నీళ్లలో పెడితే మళ్లీ ప్యానెల్ కన్నా ఆరు డిగ్రీలు కింద నిలబడింది.

ఆరు డిగ్రీలంటే ఏమిటో చెప్పాలి. వాళ్లు వాడే ఎర్ర రంగు ఎనభై డిగ్రీల దగ్గర నూలును గట్టిగా పట్టుకుంటుంది. అంతకు తగ్గితే కొంతే పట్టుకుంటుంది, మిగతాది ఊరికే అంటుకుని ఉంటుంది. ఆ అంటుకున్నదాన్ని తొంభై అయిదు డిగ్రీల సబ్బునీళ్లలో కడిగి వదిలించాలి. ఆ తొంభై అయిదూ నిజం తొంభై అయిదు కాదు. వదలని రంగు చాదరులోనే దాక్కుని, కొన్నవాడు మొదటిసారి ఉతికినప్పుడు తెల్ల పువ్వు మీదికి దిగుతుంది.

ఇక ఎక్కడ తప్పిందో వెతకాలి. సెన్సర్ తల విప్పి అక్కడే కాలిబ్రేటర్‌తో చూశాను. 128.5 ఓంలు, అంటే సెన్సర్ నిజమే చెబుతోంది. ప్యానెల్ దగ్గరికి చేరేసరికి 130.9. మధ్యలో ఎక్కడో 2.4 ఓంలు కలుస్తున్నాయి. మధ్యలో ఉన్నది కేబుల్ ఒక్కటే.

దాన్ని చేత్తో పట్టుకుని గోడవెంట నడిచాను. ఆవిరి గొట్టం వెనక ఒక అతుకు కనిపించింది. పైన నల్ల టేపు, దాని కింద నూలు. నూలు పోగును ఎంత వరసగా చుట్టారంటే, ఏ ఎలక్ట్రీషియన్ కట్టూ అలా ఉండదు. విప్పితే, సెన్సర్ నుంచి వచ్చిన రెండు ఎర్ర తీగలనూ కలిపి మెలేసి, ఒకే తీగకు ముడేసి ఉంది. అక్కడి నుంచి ప్యానెల్ దాకా పోతున్నది మూడు తీగల కేబుల్ కాదు, రెండు తీగలదే, అదీ సన్నది. ప్యానెల్ దగ్గర తీగలు బిగించే మరల్లో ఖాళీగా మిగిలిన మూడోదానికి చిన్న తీగ ముక్క తగిలించి పక్క మరతో కలిపారు. నేను మొదట తీగలు ఊడదీసినప్పుడు ఆ ముక్కను చూశాను కానీ, అది ఎందుకుందో నీళ్లను అడిగాకే అర్థమైంది.

"ఇది ఎవరు కట్టారు?" అన్నాను.

"నేనే," అన్నాడు విఠల్, కొంచెం గర్వంగానే. "మొన్నటి ముందు వానకాలంల ఎలుకలు కొరికినయ్. మాల్ ఆగిపోయింది. మూడు తీగలది బజార్ల దొరకలే. ఇంట్ల రెండు తీగలది ఉండె. మూడో మర ఖాళీగ ఉంచితే అంకె రాలే, జర ముక్క పెట్టిన, వచ్చింది. ఒక్క పూటల మిషన్ చాలూ చేసిన సార్, సేట్‌ను అడుగు."

"కానీ రెండు ఎర్రవీ ఎందుకు కలిపావ్?"

అతను నన్ను జాలిగా చూశాడు. "రెండు ఎర్రవే గదా సార్! కొత్త పడుగు అతికేటప్పుడు ఎట్ల అతుకుతం? ఎర్రకు ఎర్ర, తెల్లకు తెల్ల. ఒక్క రంగువి రెండు పోగులు పక్కపక్కన వస్తే జోడి చేసి ఒక్కటే ముడి. మా నాయ్న గట్లనే నేర్పిండు, వాళ్ల నాయ్న గట్లనే నేర్పిండు. రంగు కలిస్తే పోగు కలుస్తది."

మగ్గం పక్కన పుట్టిన ఏ మనిషి చేతికైనా అదే తోస్తుంది. పాత పడుగు అయిపోతుంటే కొత్త పడుగును పోగు పోగుకూ మెలేసి అతుకుతారు. వందల పోగులు, కళ్లు మూసుకుని, రంగుకు రంగు. అతని చేతులు తప్పేమీ చేయలేదు. తమకు తెలిసిన పనే చేశాయి. ఈ కేబుల్‌లో రెండో ఎర్ర తీగకు ఉన్న ఒకే ఒక్క పని, మొదటిదానితో కలవకుండా ప్యానెల్ దాకా విడిగా వెళ్లడం అని అతనికి ఎవరూ చెప్పలేదు.

నేను చెప్పాను. అతను విన్నాడు.

"గింత ముడికి ఎంత ఫరక్?"

"ఆరు డిగ్రీలు."

"ఆరు డిగ్రీలకు..." అని ఆగిపోయాడు. నేల మీది చాదరు వైపు చూశాడు. తర్వాత సేట్ వైపు. తన మాటలతో అతనే ఎక్కడికి చేరుకున్నాడో అతనికి అప్పుడు తెలిసింది.

సేట్ బేలు మీద కూలబడ్డాడు. "ఆతా కాయ్ కరాయ్‌చ?" అని మరాఠీలో తనలో తనే అనుకున్నాడు, ఇప్పుడేం చేయాలి అని. తర్వాత తెలుగులో అన్నాడు: "సోడా బయట అమ్ముకుంటున్నవా అని ఎల్లయ్యను అడిగిన రా నేను. పదిమంది ముంగట అడిగిన." రుమాలు జేబులో పెట్టుకుని, "పోయి తోల్కరా విఠల్. నేనే పిలుస్తున్న అని చెప్పు."

"నేనొక్కన్ని పోను," అన్నాడు విఠల్.

కుంభారి

ఎల్లయ్య వాళ్లు కుంభారి దగ్గరి కార్మికుల కాలనీలోకి మారి ఎంతో కాలం కాలేదు. నా బండి మీద వెళ్లాం. విఠల్ దారిలో రెండుసార్లు బండి ఆపమన్నాడు, ఒకసారి చాయ్ తాగడానికి, ఒకసారి ఊరికే.

బాలమణి గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఎల్లయ్య ఆమె పక్కనే పీట మీద కూర్చుని, తునికాకు మీద కొలత రేకు పెట్టి కత్తెరతో కోస్తున్నాడు. రంగు ఇంకిన గోళ్లు తప్ప ఆయనలో రంగుల మేస్త్రి కనిపించలేదు.

"రా బిడ్డా," అంది బాలమణి నన్ను చూసి. "మీ కాకకు కొత్త నౌకరి చూసినవా? ఆకు కోసుడు. గది గూడ వంకరనే."

"ఆకు వంకర పుడితే నేనేం జెయ్యాలె?" అన్నాడు ఎల్లయ్య. తర్వాత విఠల్‌ను చూశాడు. "ఏందిరా బామ్మర్దీ, ఇయ్యాల నోరు ఇంట్ల పెట్టి వచ్చినవా?"

విఠల్ తిరగని ఫ్యాను వైపు చూస్తూ నిలబడ్డాడు. దారి పొడవునా తానే చెబుతానన్నాడు. చెప్పలేకపోయాడు. చివరికి నేను చెప్పాను. ప్యానెల్, నీళ్లు, అతుకు, రెండు ఎర్ర తీగలు, అన్నీ వరసగా.  ఎల్లయ్య చేతిలో కత్తెర ఆగింది.

బాలమణి లేచింది. ఒళ్లోని బీడీలు నేల మీద పడ్డాయి. "రోజు వచ్చి ఇక్కడనే కూసొని చాయ్ తాగినవ్ గదరా తమ్మీ! బావ గుడ్డోడయిండు, బావ గుడ్డోడయిండు అని పండ్లు ఇకిలించినవ్. గా రంగు దిగింది నీ చేతులతోని రా! నువ్ పెట్టిన ముడి రా అది!"

"అక్కా, ఎర్రకు ఎర్ర..."

"నీ ఎర్ర మీద మన్ను బడ!"

"ఊకోవే," అన్నాడు ఎల్లయ్య. నా వైపు తిరిగాడు. "నీ మిషన్‌తోని కండ్లు గూడ చూస్తరా?"

"చూడరు కాకా."

"మల్ల డాక్టర్ చెప్పిండు గదా, మోతిబిందు ఉందని."

"అది ఉంది కాకా. కానీ రంగు దిగింది దానివల్ల కాదు."

"అంటే రెండు నిజమే."

"అవును."

ఆయన తలూపాడు. రేకును, కత్తెరను పక్కన పెట్టాడు. ఆ ఏడాదిగా తాను ఏమేం చేశాడో చెప్పాడు. ఉప్పు పెంచాడు. సోడా పెంచాడు. కడిగిందే మళ్లీ కడిగించాడు. తక్కువ తూచుతున్నానేమోనని తూకం మీద ఇంకొకరిని నిలబెట్టాడు. నిద్రలో నిమ్మళం లేక, ఎవరూ రాకముందే వెళ్లి మిషన్ పక్కన కూర్చునేవాడు. ఎంత చేసినా రంగు దిగుతూనే ఉంది. ప్యానెల్ మీద ఎనభై కనిపిస్తూనే ఉంది, దాని మీద 'సరిచూశాం' అన్న స్టిక్కర్ ఉంది. ఇక మిగిలింది తానొక్కడే.

"సేట్ నన్ను నమ్మలే అంటే నాకు బాధ లేదు బిడ్డా," అన్నాడు. "ఆయనకు మాల్ పరత్ వచ్చింది, ఆయన బాధ ఆయనది. నేను గూడ నన్ను నమ్మలే. డాక్టర్ చెప్పంగనే, ఆ, గదే, నా కన్నే, అనుకున్న.  గా ముడి నువ్ విప్పినవ్. నా లోపల పడ్డ ఈ ముడి ఏ గోడ వెనక ఉంటదో చెప్పు, పోయి విప్పుకుంట."

 

విఠల్ వంగి ఆయన కాళ్లు పట్టుకున్నాడు. "బావా" అన్నాడు, అంతే.

"లే, లే," అన్నాడు ఎల్లయ్య. "ఆ ఎలుకను గూడ తోల్కరావలసింది, కాళ్లు మొక్కనీకి."

బాలమణి ఏడుస్తూనే నవ్వింది. తర్వాత నేల మీద పడ్డ బీడీలు ఏరడం మొదలుపెట్టింది. విఠల్ కూడా కూర్చుని ఏరాడు.

కొత్తగా వచ్చేవాళ్లకు

ఆ కేసు గురించి నివేదిక రాసి కులకర్ణి సర్‌కు ఇచ్చాను. ఓపికగా చదివారు. బాగా పట్టావన్నారు. ఆ తర్వాత, "ఆ మేస్త్రి సంగతి తీసేయ్, ఫారంలో దానికి గడి లేదు" అన్నారు. ఆయన చెప్పింది నిజమే, గడి లేదు. మరుసటి వారం నాకిచ్చిన పని మళ్లీ అదే, ప్యానెల్ చూడు, స్టిక్కర్ అంటించు. నేను నీళ్ల దగ్గరికి వెళతానని పట్టుపట్టడం మొదలుపెట్టాను. కొందరు రానిచ్చారు. కొందరు "మాకు స్టిక్కర్ చాలు, నీళ్ల సంగతి వద్దు" అని గేటు దగ్గరే ఆపారు. అలాంటి చోట ఏం చేయాలో మీకు చెప్పేంత ధైర్యం నాకు లేదు. ఆ గేట్ల దగ్గర నేను గెలిచింది తక్కువ.

చెప్పగలిగిన మాటలు కొన్నే. ముందు తడి వైపు, నీళ్ల దగ్గర నిలబడండి, తర్వాత పొడి వైపు, ప్యానెల్ దగ్గర. కేబుల్ రెండు చివర్లా ఓంలు చూడండి. చివరిసారి తీగను ఎవరు ముట్టుకున్నారో అడగండి. అడిగేటప్పుడు పోలీసులా అడగవద్దు, బాగుచేసినవాడు తిట్లు తప్పించుకోవడానికి కాదు, పని ఆగకూడదనే బాగుచేసి ఉంటాడు. ప్రతి మనిషీ తన చేతికి వచ్చిన ముడే వేస్తాడు. మన ఊళ్లో అది చేనేత ముడి. ఎవరూ చేయని తప్పుల జాబితా పుస్తకంలో ఉంటుంది. మీరు చూడబోయే తప్పులు మీ అమ్మానాన్నలు రోజూ సరిగ్గా చేసే పనులే అయి ఉంటాయి.

ఇంకొకటి. మీరు రాసే అంకె ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. దానికి ముందే అక్కడ ఎవరో ఒకరు దోషి అయి కూర్చుని ఉంటారు. అంకె దిద్దితే ఆ మనిషి కూడా దిద్దుకుంటాడని నేను అనుకునేవాణ్ణి. ఈ మాట అనుకున్నది పాలిటెక్నిక్ నుంచి కొత్తగా వచ్చిన రోజుల్లో.

ఎర్ర లాటు

సేట్ స్వయంగా కుంభారి వెళ్లి అడిగాడు. పదిమంది ముందు అన్న మాటను పదిమంది ముందే వెనక్కి తీసుకున్నాడు. ఎల్లయ్య ఒక్క లాటు, అంటే ఒక్క విడత రంగు, వేస్తానని ఒప్పుకున్నాడు.

ఆ రోజు నన్నూ రమ్మన్నారు. మూడు తీగల కేబుల్‌ను విఠల్ తనే లాగి ఉంచాడు, ఎక్కడా అతుకు లేకుండా. నేను రెండు చివర్లా చూశాను. నీళ్లలో నా సెన్సర్‌కూ ప్యానెల్‌కూ తేడా డిగ్రీలో పదో వంతు. ఎల్లయ్య బస్సు దిగి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, మిషనుకు మొక్కి, పెంచిన ఉప్పూ సోడా తీసేసి తన పాత లెక్క ప్రకారమే తూచాడు. ఎరుపు. రంగు వేయడం, నిలపడం, కడగడం, అన్నీ ఆయనే చూశాడు.  విఠల్ ఆయన చెప్పినట్టు వాల్వు తిప్పాడు.

లాటు దిగాక పరీక్ష. ఒక చిలప నుంచి కొంచెం నూలు తీసి, తడిపి, తెల్ల గుడ్డ మధ్య పెట్టి, వేడి ఇస్త్రీ పెట్టెతో నొక్కుతారు. రంగు దిగేదైతే గుడ్డకు అంటుతుంది. ఎల్లయ్యే నొక్కాడు. గుడ్డ విప్పాడు.

"వా!" అన్నాడు సేట్. విఠల్ రెండు చేతులూ పైకెత్తాడు.

ఎల్లయ్య గుడ్డను తలుపు దగ్గరికి తీసుకెళ్లి ఎండలో పెట్టి చూశాడు. కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"తెల్లగనే ఉందా?"

"తెల్లగనే ఉంది కాకా."

"కొంచెం గూడ గులాబీ లేదా?"

"లేదు."

"సరే," అని గుడ్డ నా చేతిలో పెట్టాడు.

సేట్ మరుసటి రోజు నుంచే రమ్మన్నాడు. కళ్ల ఆపరేషన్ తానే చేయిస్తానన్నాడు.

"చేపిచ్చుకుంట సేట్. బాలమణి మొఖం చూసుకోవాలె, ఆకు కోసుకోవాలె," అన్నాడు ఎల్లయ్య. "రంగుకు మాత్రం రాను. ఇన్నేండ్లు నేను చూసి పదిమందికి చెప్పిన. ఇయ్యాల ఒకరిని అడిగి తెలుసుకున్న. అడిగి తెలుసుకునేటోడు మేస్త్రి గాడు."

"ఆపరేషన్ అయినంక మల్ల చూస్తవ్ గదా!" అన్నాడు విఠల్.

"చూస్త. చూసి మల్ల నిన్ను అడుగుత, తెల్లగుందా రా అని. నువ్ ఏం చెప్తవో ఎర్కనే."

ఆపరేషన్ అయింది. చూపు బాగా వచ్చింది. ఎల్లయ్య మాత్రం నీలం నగర్ రాలేదు. సేట్ ఇంకో మేస్త్రిని పెట్టుకున్నాడు.

ఎల్లయ్య కాకా వేసిన చివరి లాటు అదే. తూకం నూట ఇరవై కిలోలు.